ఆరు నెలల సూదిని అర్ధాంతరంగా ఆపకండి

మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, పెద్దమ్మో ఎముకలు గుల్లబారాయని ఆరు నెలలకోసారి జబ్బకో పొట్టకో చిన్న ఇంజెక్షన్ వేయించుకుంటున్నారా? అయితే చదవడం కాసేపు ఆపి ముందు వాళ్ల ఆస్పత్రి ఫైలు తీయండి. మందు పేరు డెనోసుమాబ్ అని ఉందేమో చూడండి. పైన ప్రోలియా అనో, మన కంపెనీలు పెట్టుకున్న మరో పేరో పెద్ద అక్షరాల్లో ఉన్నా, కింద సన్నగా డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు అని ఉంటుంది. చివరి ఇంజెక్షన్ తేదీ చూడండి. ఆరు నెలలు దాటి ఉంటే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏడు నెలలు దాటి ఉంటే రేపే వెళ్లండి.

ఇంత తొందర ఎందుకంటే, ఈ మందు మొదలుపెట్టినంత తేలిగ్గా మానగలిగేది కాదు. వాడుతున్నంత కాలం ఎముకలను బాగానే కాపాడుతుంది. ఒక్కసారి గడువు తప్పితే ఆ కాపలా మెల్లగా తగ్గదు, ఉన్నపళంగా లేచిపోతుంది. డాక్టర్లకు ఈ సంగతి తెలిసి ఏళ్లు గడిచాయి. సూది వేయించుకుంటున్న వాళ్లలో చాలామందికి మాత్రం ఇంకా తెలియదు.

మా మేనత్తది తెనాలి. వయసు 68. మూడేళ్ల కింద బాత్‌రూములో జారి మణికట్టు విరిగితే ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయించారు. ఎముకలు బాగా గుల్లబారాయన్నారు, సూది మొదలుపెట్టారు. నాలుగు పడ్డాయి. స్కాన్ కూడా మెరుగైంది. ఐదోది జులైలో పడాలి, ఈవిడేమో ఏప్రిల్‌లో కూతురి పురుటికి డాలస్ వెళ్లింది. ప్రయాణానికి తీసుకున్న ఇన్సూరెన్సు పాత జబ్బులకు పనికిరాదు, చేతి డబ్బుతో వేయిద్దామంటే అక్కడి ధర వింటేనే గుండె ఆగుతుంది. "ఒక్క సూదే కదమ్మా, అక్టోబరులో వచ్చాక వేయించుకుందువుగాని" అన్నాడు కొడుకు ఫోన్లో. అక్టోబరులో వచ్చింది. దీపావళి, మనవడి ఫోటోలు చూడ్డానికి వచ్చిపోయే చుట్టాలు, ఆ హడావుడిలో ఇంకో నెల గడిచింది. కార్తీక పౌర్ణమి నాడు తులసికోట ముందు వంగి 365 వత్తులు వెలిగించి, నడుం మీద చెయ్యేసుకుని లేవబోయింది. లేవలేకపోయింది. పట్టేసిందనుకుని ఇంట్లో వాళ్లు రెండు వారాలపాటు నూనె రాసి కాపడం పెట్టారు. చివరికి ఎమ్మారై తీస్తే మూడు వెన్నుపూసలు నొక్కుకుపోయి ఉన్నాయి.

నేను చూడ్డానికి వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఏం బరువెత్తానురా నేను? వత్తులు వెలిగించాను, అంతేగా" అంది. మంచం పక్కనున్న ఫైలు తిరగేశాను. ప్రతి ఇంజెక్షన్‌కీ డబ్బా మీది స్టిక్కరు ఊడదీసి కాగితానికి అంటించి, కింద తేదీ వేసి ఉంది. ఎవరో శ్రద్ధగల నర్సు పని. నాలుగో స్టిక్కరు కింద, ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మని ఇంగ్లీషులో గిలికిన ఒక్క లైను. రాకపోతే ఏమవుతుందో ఎక్కడా లేదు. నోటితోనూ ఎవరూ చెప్పలేదట.

ఒక్క మా అత్తయ్యకే ఇలా జరిగి ఉంటే ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ని. కానీ దీని వెనక పదేళ్ల లెక్క ఉంది.

ఈ మందును నిలబెట్టిన పెద్ద పరీక్ష పేరు ఫ్రీడమ్. 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 7,868 మంది మహిళలు అందులో చేరారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్. మూడేళ్ల తర్వాత చూస్తే, అసలు మందు పడ్డవాళ్లలో కొత్తగా వెన్నుపూసలు విరగడం 68 శాతం, తుంటి విరగడం 40 శాతం తగ్గాయి. 2009లో ఫలితాలు వచ్చాయి, 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఎముకలు గుల్లబారడం మూడేళ్లలో తీరిపోయే జబ్బు కాదు. ఐదేళ్లు, పదేళ్లు వాడితే ఈ మందు ఏం చేస్తుందన్న ప్రశ్న మిగిలింది. అది తేల్చడానికే పరీక్షను మరో ఏడేళ్లు పొడిగించారు. 4,550 మంది కొనసాగడానికి ఒప్పుకున్నారు. ఈసారి ఉత్తుత్తి సూది లేదు. అందరికీ అసలు మందే, మొదటి మూడేళ్లు ఉత్తుత్తిది వేయించుకున్నవాళ్లకు కూడా.

2017లో పదేళ్ల ఫలితం అచ్చయింది. మొదటి నుంచీ మందు వాడినవాళ్ల వెన్నెముక సాంద్రత పదేళ్లలో 21.7 శాతం, తుంటి సాంద్రత 9.2 శాతం పెరిగాయి. అందరూ భయపడ్డ దవడ ఎముక చచ్చుబడటం పొడిగింపు కాలంలో 13 మందిలో కనిపించింది. తొడ ఎముక విచిత్రంగా అడ్డంగా విరగడం ఇద్దరిలో. అంతమంది, అన్నేళ్లు వాడిన మందుకు ఇది మంచి లెక్కే.

ఒక మాట పక్కనుంచి చెప్పాలి. ఇలాంటి పొడిగింపు అధ్యయనాలను కళ్లు మూసుకుని నమ్మకూడదు. పడనివాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు, పడినవాళ్లే చివరిదాకా ఉంటారు. ఇక్కడ 4,550 మందిలో ఆఖరుకు మిగిలింది 2,626 మంది. పోల్చి చూడటానికి మందు లేని గుంపు కూడా లేదు. ఆ లోటు పూడ్చడానికి పరిశోధకులు కంప్యూటర్లో ఊహా కవలలను సృష్టించి, మందు వాడకపోయి ఉంటే ఎందరికి విరిగేవో అంచనా కట్టారు. తెలివైన పనే, కానీ అంచనా అంచనాయే. నన్నడిగితే ఈ పదేళ్ల శ్రమలో మన ఇళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే పాఠం కొనసాగినవాళ్ల నుంచి రాలేదు. మధ్యలో మానేసినవాళ్ల నుంచి వచ్చింది.

రెండో మూడో అంతకన్నా ఎక్కువో సూదులు పడి, తర్వాత ఏదో కారణంతో ఆపేసిన 1,001 మందిని విడిగా లెక్కించారు. మందు మీద ఉన్నంత కాలం వాళ్లలో వెన్నుపూసలు విరగడం ఏడాదికి నూటికి 1.2. ఆపాక 7.1. ఉత్తుత్తి సూది మానేసినవాళ్లలో అది 8.5. అంటే రక్షణ పోయి, మందు లేనివాళ్ల స్థాయికి వచ్చేశారన్నమాట. ఇంతవరకే అయితే అది ఏ మందు మానినా జరిగేదే అనుకోవచ్చు. అసలు కీడు ఆ తర్వాతి లెక్కలో ఉంది. ఆపాక వెన్నుపూసలు విరిగిన 56 మందిలో 34 మందికి ఒకటితో ఆగలేదు, రెండో మూడో అంతకు పైగానో విరిగాయి. ఉత్తుత్తి సూది వాళ్లలో 31 మందికి విరిగితే అలా పలుచోట్ల విరిగింది 12 మందికి. అంతకు ముందే ఒకసారి వెన్నుపూస విరిగి ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. అమెరికాలో ఈ మందుతో వచ్చే చీటీలో కూడా ఈ హెచ్చరిక చేరింది. చివరి సూది తర్వాత 7 నెలలకే విరిగినవాళ్లున్నారు, సగటున 19 నెలలు అని అందులో రాసి ఉంటుంది. ఆ చీటీ ఎనిమిది మడతలు పెట్టి డబ్బాలో ఉంటుంది, డబ్బా ఆస్పత్రి చెత్తబుట్టలో ఉంటుంది.

పూర్తిగా మానక్కర్లేదు, ఆలస్యం చేసినా చాలు. బ్రిటన్‌లోని వైద్య రికార్డులు జల్లెడపట్టి 2020లో వెలువరించిన అధ్యయనంలో, గడువు 16 వారాలకు మించి దాటినవాళ్లకు వెన్నుపూసలు విరిగే ముప్పు వేళకు వేయించుకున్నవాళ్ల కన్నా దాదాపు నాలుగు రెట్లని తేలింది. మా అత్తయ్య గడువు దాటింది సరిగ్గా అంతే.

ఎందుకిలా జరుగుతుంది? ఎముక చూడ్డానికి రాయిలా ఉన్నా, లోపల నిత్యం తవ్వకం, పూడిక నడుస్తూనే ఉంటాయి. తవ్వే కణాలను పనిలోకి పిలిచే సంకేతం ఒకటుంది, ర్యాంక్ లైగాండ్ అంటారు. డెనోసుమాబ్ ఆ సంకేతాన్ని పట్టి బంధిస్తుంది. తవ్వకం దాదాపు ఆగిపోతుంది, ఎముక గట్టిపడుతుంది. ఆలెండ్రోనేట్ లాంటి పాత మందులైతే ఎముకలోనే ఇంకిపోయి, మానేశాక కూడా కొన్నేళ్లు పనిచేస్తూనే ఉంటాయి. ఇది అలా నిలవదు. ఆరు నెలలకు ఒంట్లోంచి పోతుంది. పోగానే, అన్నాళ్లూ పిలుపు కోసం కాచుకున్న కణాలన్నీ ఒక్కుమ్మడిగా తవ్వకానికి దిగుతాయి. రక్తపరీక్షలో ఎముక అరుగుదల గుర్తులు మందు మొదలుపెట్టక ముందున్న స్థాయిని కూడా దాటిపోతాయి. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సాంద్రత ఏడాది రెండేళ్లలో హారతి కర్పూరమే.

మన ఇళ్లలో ఈ సూది ఆగిపోయే దారులు నాకు తెలిసినవే నాలుగైదున్నాయి. మొదటిది అమెరికా ప్రయాణం. సందర్శకుల వీసా మీద మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు, సూది గడువూ ఆరు నెలలే. వెళ్లేముందు నెలలో సూది పడేలా చూసుకుంటే చిక్కే లేదు. టికెట్టు తీసే కొడుకులూ కూతుళ్లూ ముందు సూది తేదీ అడిగి ఆ తర్వాత ప్రయాణం తేదీ పెట్టండి. మందును వెంట తీసుకెళ్లడం అనుకున్నంత తేలిక కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, అక్కడ వేసేవాళ్లు దొరకాలి.

రెండోది స్కాన్ బాగా రావడం. ఎముకలు గట్టిపడ్డాయి కదా, ఇంకెందుకు డబ్బు దండగ అనిపిస్తుంది. గట్టిగా ఉన్నది మందు ఉన్నందువల్లే. మూడోది పంటి డాక్టరు. పన్ను పీకాలంటే దవడ ఎముక గురించి భయపడి, ఎముకల సూది ఆపేసి రమ్మంటున్నారు కొందరు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. కానీ ఎన్నాళ్లు ఆపాలో, మళ్లీ ఎప్పుడు వేయాలో తేలకుండా ఆపితే దవడను కాపాడబోయి వెన్ను విరుచుకున్నట్టే. పంటి డాక్టరునీ సూది రాసిన డాక్టరునీ ఫోన్లోనైనా మాట్లాడుకోమనండి. పీకడానికి వీలైన రోజులు వాళ్లే చూసి చెబుతారు. నాలుగోది డాక్టరు మారడం. ఊరు మారినప్పుడు బీపీ మాత్రలు గుర్తుంటాయి, ఆరు నెలలకోసారి వచ్చే సూది గుర్తుండదు. ఇక ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మన దేశంలోనే తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అసలు మందుకు సాటివచ్చే వేరే కంపెనీల మందులు, దొరుకుతున్నాయి, ధర దిగింది, అందుకే ఎక్కువమందికి రాస్తున్నారు. ఎక్కువమందికి రాస్తున్నారు కాబట్టే ఈ హెచ్చరిక ఇప్పుడు కావాలి.

మరి జీవితాంతం వేయించుకోవాల్సిందేనా? అక్కర్లేదు. మానే పద్ధతి ఒకటుంది. తర్వాతి సూది పడాల్సిన సమయానికి దాని బదులు మరో మందులోకి మారాలి. వారానికోసారి పరగడుపున వేసుకునే ఆలెండ్రోనేట్ మాత్ర కావచ్చు, సెలైన్‌లా ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ కావచ్చు. మారాక కొన్ని నెలలకు రక్తంలో సీటీఎక్స్ పరీక్ష చేయించి, తవ్వకం అదుపులో ఉందో లేదో చూస్తారు. ఎంత ఎక్కువ కాలం వాడితే మార్పిడి అంత జాగ్రత్తగా చేయాలి, రెండున్నరేళ్లు దాటినవాళ్ల విషయంలో మరీను. ఇది డాక్టరు చేతిలో జరగాల్సిన పని. మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకుని మార్చుకునేది కాదు.

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇక్కడే పెద్ద ఇరకాటం. మాత్రలూ సెలైనూ కిడ్నీల మీద భారం వేస్తాయి కాబట్టి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకే ఈ సూది రాస్తుంటారు. కానీ తర్వాత మానాల్సి వస్తే మారడానికి దారి ఉండదు, ఆ మాత్రలూ సెలైనూ వాళ్లకు పడవు కదా. పైగా డయాలిసిస్ దాకా వెళ్లినవాళ్లలో ఈ సూది రక్తంలోని కాల్షియాన్ని ప్రాణం మీదికి వచ్చేంతగా పడగొట్టగలదు. 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి తన అత్యంత తీవ్రమైన నల్లగీత హెచ్చరికను జోడించింది. డయాలిసిస్ మీదున్న 65 దాటిన మహిళలపై అదే నెలలో వచ్చిన అధ్యయనంలో, సూది పడ్డ 12 వారాల్లో నూటికి 41 మందికి కాల్షియం ప్రమాదకరంగా పడిపోయింది. మాత్రలు వాడినవాళ్లలో అది నూటికి 2. కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. అక్కడి పెద్దవాళ్లకు ఎవరైనా ఈ సూది రాస్తే, వేయించుకునే ముందు కిడ్నీ డాక్టరుకు చూపించి తీరాలి. వేసిన తర్వాత రెండో వారం నుంచి పదో వారం దాకా పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, కండరాలు కొంకర్లు పోవడం, గుండె దడ కనిపిస్తే పగలూ రాత్రీ చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీలు బాగున్నవాళ్లు కూడా సూదికి ముందు కాల్షియం, డి విటమిన్ పరీక్ష చేయించుకోవాలి. తక్కువగా ఉంటే ముందు అవి సరిచేసి, తర్వాతే సూది.

కొత్త మందుల ట్రయల్స్‌లో ఉన్నవాళ్లకు వేరుగా చెప్పాల్సిన మాట ఉంది. ఎముకల మందుల మీద, కీళ్లవాతం మందుల మీద పరీక్షలు మన నగరాల్లోనూ జరుగుతుంటాయి. పరీక్ష అయిపోయాక, మందు మీకు పడింది, పొడిగింపులో కొనసాగుతారా అని అడుగుతారు. ఉచితంగా మంచి మందు వస్తుంటే కాదనేదెవరు? సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: పొడిగింపు అయిపోయిన మర్నాడు నా సంగతేమిటి? మన దేశంలో 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో 27వ నిబంధన దీని గురించే. పరిశోధక డాక్టరు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, పరీక్ష తర్వాత కూడా కంపెనీ మందును ఉచితంగా ఇవ్వాలి. అయితే దానికి షరతులున్నాయి. ఆ జబ్బుకు వేరే వైద్యం ఏదీ ఉండకూడదు, మందు మీకు మేలు చేసిందని డాక్టరు తేల్చాలి. పైగా ఆ తర్వాత ఏం జరిగినా కంపెనీకి బాధ్యత లేదని మీరు రాసివ్వాలి. గుల్లబారిన ఎముకలకు వేరే మందులున్నాయి కాబట్టి, ఈ నిబంధన ఇక్కడ అక్కరకు రాదు. మానితే వెన్ను విరిగే మందును మూడేళ్లో ఐదేళ్లో వేసి, ఆ తర్వాత దండం పెట్టి పంపేసినా చట్టం ప్రకారం తప్పు పట్టలేం. ఈ నిబంధన రాసినవాళ్లు జబ్బుకు ప్రత్యామ్నాయం ఉందా అని చూశారు, మందు మానడానికి దారి ఉందా అని చూడలేదు. కాబట్టి ఆ పని ఎథిక్స్ కమిటీలే చేయాలి. ఇలాంటి మందు ఏదైనా పొడిగింపుకు వస్తే, ఆఖరి సూది తర్వాత ఏ మందులోకి మారుస్తారు, దాని ఖర్చెవరిది, ఏడాదిపాటు కనిపెట్టి చూసేదెవరు అన్నవి ఒప్పంద పత్రంలో తెలుగులో రాసి ఉంటే తప్ప అనుమతి ఇవ్వకూడదు.

డాక్టర్లను అడిగేది ఇంతకన్నా చిన్నది. ఆరు నెలల తర్వాత రమ్మని రాసే ఆ ఒక్క లైను పక్కన మరో లైను, తెలుగులో: "చెప్పకుండా ఆపితే వెన్నుపూసలు విరగవచ్చు." రబ్బరు స్టాంపు చేయించుకుంటే సంతకం పెట్టినంత సేపు కూడా పట్టదు. మందు అమ్మే కంపెనీలు తర్వాతి తేదీ గుర్తుచేసే కార్డు తెలుగులో అచ్చువేసి డబ్బాతో పాటు ఇవ్వొచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కో రొమ్ము క్యాన్సర్‌కో హార్మోన్ల మందు వాడుతూ ఎముకల కోసం ఈ సూది వేయించుకునేవాళ్లకు, మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా, ఆ కార్డు మరీ అవసరం. క్యాన్సర్ గొడవలో ఎముకల సంగతి మొదట మరుగునపడుతుంది.

ఇప్పటికే సూది గడువు దాటినవాళ్లు కొత్తగా నడుం నొప్పి అంటే గ్యాసనో, నరం పట్టేసిందనో అనుకోవద్దు. మర్దన చేయించొద్దు, నడుం విరిపించొద్దు. ఎక్స్‌రే తీయించండి, చివరి సూది తేదీ డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

అత్తయ్యకు డిసెంబరు 9న మళ్లీ సూది వేశారు. పూజగదిలో తెలుగు క్యాలెండరు మీద జూన్ 9 చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. నడుముకు బెల్టు పెట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మనవణ్ని చూడ్డానికి మళ్లీ డాలస్ వెళ్తానంటోంది. టికెట్టు పదో తేదీ తర్వాతే అన్నాడు కొడుకు.